నూట ఇరవై ఏడో నంబరు

హమామత్సులో ఫిబ్రవరి గాలికి దయ లేదు.
సైకిల్ తొక్కేవాణ్ణి వెనక్కి నెట్టి
మలుగుచేపలు కాల్చే పొగని ముందుకు తోస్తుంది.
ఆ గాలిలో, పియానో కార్ఖానా వెనక సందులో,
మేడమీది గదిలో
నేనొక పెట్టెకి నకలు తీస్తున్నాను.

బూడిదరంగు పెట్టె. నాకంటే రెండేళ్లు పెద్దది.
నారింజ వెలుగు తెర, మూలన ఒక గీత చచ్చిపోయింది.
నూట ఇరవై ఎనిమిది శబ్దాలు
నాలుగు మెగాబైట్లలో
ఆఖరి రైల్లో జనంలా కాళ్లు ముడుచుకున్నాయి.
ఇవాళ నా ఫోనులో ఒక్క ఫొటో
అంతకన్నా బరువు.

లోపలి శబ్దం కంపెనీ సొత్తు, ఎత్తుకు రాకూడదు.
పోలిక మాత్రం ఎవడబ్బ సొత్తూ కాదు.
అందుకే ఒక్కొక్కదాన్నీ పలికించి, కొలిచి,
మళ్లీ మనుషుల చేత వాయించి,
పాత కొలతకి కత్తిరించి సాఫ్ట్‌వేర్‌లో పోస్తున్నాను.
వయొలిన్‌కి పదకొండు రోజులు.
ఓబో దగ్గర నిద్ర పోయింది.
వెదురు పిల్లనగ్రోవి ఊపిరి కోసం
ఇవాతాలో ఒక పళ్ల డాక్టర్ని బతిమాలాను.

చివర్న మిగిలినవి వాయిద్యాలు కావు.
సముద్రతీరం, పిట్ట, టెలిఫోను, హెలికాప్టరు,
చప్పట్లు, తుపాకీ.
ఎవరు పెట్టారో ఈ వరస!
పియానోతో మొదలైన లోకం
చప్పట్లయ్యాక తుపాకీ పేల్చి ముగియాలని
ఏ గదిలో ఏ కమిటీ తీర్మానించిందో.

నూట ఇరవై ఏడు.
పై మీట నొక్కితే చీమలు చప్పట్లు కొడతాయి,
కింది మీట నొక్కితే ఏనుగులు.
మధ్యలో మనుషులు.
వెయ్యిమంది అనుకునేవాణ్ణి చిన్నప్పుడు.
అన్నయ్య కంప్యూటర్లో ఆట గెలిచినప్పుడల్లా
నాకోసం ఒక స్టేడియం లేచి నిలబడేది.

"ఏడుగురం" అంది చిజురు గారు.
డెబ్బై ఒకటి ఆవిడకి. ఆ శబ్దాలన్నీ కత్తిరించిన చెయ్యి.
"అన్నాల వేళ, సరుకుల గదిలో, దుప్పట్లు వేలాడదీసి.
ఎవరికి కొట్టాలో తెలీక నవ్వాగలేదు.
ఆ గోడకి కొట్టండి, అన్నాడు కువాబారా.
గోడకే కొట్టాం.
ఏడుగుర్నీ ఒకరిమీద ఒకర్ని పేర్చి వెయ్యి చేశాను.
రెండు సెకన్లు. మూడోదానికి చోటు లేదు,
బ్యాగ్‌పైప్ తినేసింది."

ఆదివారం, ఆవిడతో కలిపి నలుగురొచ్చారు.
ఇద్దరు లేరు. ఒకావిడ సప్పోరోలో, మోకాళ్లు.
దుప్పట్లు నేను కట్టాను.
చక్రాల కుర్చీ మెట్లెక్కక
కువాబారా గారిని మనవడు వీపున మోసుకొచ్చాడు.
కుడిచెయ్యి ఒళ్లో ఉంది,
ఎవరో మరిచిపోయిన గొడుగులా.

రికార్డింగ్ మొదలు.
ముసలి అరచేతుల మోత వేరు.
తడి లేదు. కాగితం సంచి నలిపినట్టు.
తెరమీద పాత గీతకీ దీనికీ పొంతన లేదు,
వడకడితే సరిపోతుందిలే అనుకుంటూ తలెత్తాను.

ఒంటి చేత్తో చప్పట్లు మోగవని కదా మాట.
కువాబారా గారి ఎడమచెయ్యి గాల్లో ఆగింది.
గోడవైపు చూశారు. గోడ దూరం.
చిజురు గారు మాట్లాడలేదు, మైకు తెరిచి ఉంది.
తన చప్పట్లు మానేసి
కుడి అరచెయ్యి పక్కకి చాపింది.
మొదటి దెబ్బ తప్పి మణికట్టుకి తగిలింది.
రెండోది సరిగ్గా పడింది.
తర్వాత ఆయన ఆపలేదు.
మిగిలిన ఇద్దరూ కళ్లు మూసుకుని కొడుతున్నారు,
వాళ్లకీ సంగతి తెలీదు.

వెళ్లేటప్పుడు, మనవడు బూట్లు తొడుగుతుంటే, అడిగారు:
"ఈసారి ఎవరికి కొట్టాం?"
గోడకే, అనబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు చోటుకి కరువు లేదు.
మూడు నిమిషాలూ ఉంచెయ్యొచ్చు.
పెట్టెకి నిజాయితీగా ఉండాలంటే రెండే సెకన్లు.
కత్తెర పట్టుకుని ఆ మణికట్టు దెబ్బ దగ్గరే
తెల్లవారుజాము దాకా కూర్చున్నాను,
ఒక అంగుళం ఇటు, ఒక అంగుళం అటు.

నూట ఇరవై ఎనిమిది మిగిలే ఉంది.
తుపాకీ.
దాని సంగతి తర్వాత చూద్దాం.